ఖాళీ మంచాల పథకం

ప్రభుత్వ పథకాలు పనిచేస్తున్నాయో లేదో చూసి చెప్పడం మా పిన్ని ఉద్యోగం. ఏ ఆఫీసరైనా "బ్రహ్మాండంగా నడుస్తోంది మేడమ్" అంటే చాలు, ఆవిడకు అనుమానం మొదలవుతుంది. ఒకచోట తగ్గిన కష్టం ఇంకెక్కడైనా తేలిందేమోనని వెతుకుతుంది. ఇంట్లోనూ అంతే. బాబాయి కుళాయికి మోటారు పెట్టించి మురిసిపోతుంటే, పక్కవాటాలో నీళ్ళు ఆగిపోయాయేమో కనుక్కొచ్చింది. ఈ మనిషితో వేగడం మాటలు కాదు.

ఈసారి ఆవిడకు పెద్దాసుపత్రి ప్రసూతి వార్డు అప్పగించారు. కొత్త పథకం వచ్చాక అక్కడ మంచం కోసం ఎవరూ పడిగాపులు కాయడం లేదు. అందరూ మెచ్చుకున్నారు. మరి మంచాలు ఖాళీ చేసినవాళ్ళు ఏమయ్యారని పిన్ని వెనక భవనంలోని పిల్లల వార్డుకు వెళ్ళింది. అది పథకంలోది కాదు గనుక అటు ఎవరూ తొంగిచూడలేదు. అక్కడ కామెర్లు ముదిరిన పసికందులు నీలం దీపాల కింద పడుకుని ఉన్నారు. తల్లులందరిదీ ఒకటే మాట. కాన్పయిన మర్నాడే ఇంటికి పంపేశారట.

పిన్ని కూతురికి, అంటే మా చెల్లికి, నిన్ననే ఆ ప్రసూతి వార్డులో కాన్పయింది.

పిన్ని ఆయాసపడుతూ చెల్లి మంచం దగ్గరికి వచ్చేసరికి, ఇంటికి వెళ్ళిపొమ్మన్నారని నేను సంచులు సర్దేస్తున్నాను. పిన్ని బిడ్డ ముక్కు మీద వేలితో మెల్లగా నొక్కి తీసింది. అక్కడ చర్మం పసుపుగా కనిపించింది. వెలుతురు అలా ఉందేమో అన్నాను గానీ, సంచులు సర్దడం ఆపేశాను.

"రక్తపరీక్ష అయ్యేదాకా మేం కదలం," అంది పిన్ని.

"ఇవాళ కాదమ్మా. ఏమైనా తేడాగా ఉంటే మళ్ళీ తీసుకురండి," అంది నర్సు.

"మళ్ళీ తీసుకొచ్చినవాళ్ళనే చూసొస్తున్నాను."

నర్సు కోప్పడలేదు. పక్కకు జరిగింది. గుమ్మంలో ఒకమ్మాయి గోడ పట్టుకుని, పళ్ళ బిగువున నొప్పులు ఓర్చుకుంటోంది.

"మరి ఈమెను ఎక్కడ పడుకోబెట్టను? మీరే చెప్పండి."

"అమ్మా, లేద్దామే. పాపం," అంది చెల్లి.

పిన్ని ఆ అమ్మాయినే చూస్తూ, లేవబోతున్న కూతురి భుజం నొక్కి కూర్చోబెట్టింది. నేనూ వద్దనలేదు. ఆ అమ్మాయి గోడ వెంట మెల్లగా నేలమీదికి జారిపోయింది.