చెల్లెలికి పెట్టిన కూరలో సీసం

ఆరో నెలలో మా చెల్లెలి మనసు టర్కీ కోడి కూర మీదికి పోయింది. బాగేపల్లి నుంచి ఫోన్ చేసి, "అన్నా, మన తోటలో ఆ టర్కీ పుంజు ఇంకా ఉండాదా?" అని అడిగింది. పెండ్లయిన ఏడేండ్లకు నిలిచిన కడుపు అది. అంతకు ముందు రెండుసార్లు నిలిచినట్లే నిలిచి పోయింది. కడుపుతో ఉండే ఆడబిడ్డ కోరింది పుట్టింటోళ్ళు పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని మా పక్క అంటారు. నేను అట్లాంటివి నమ్మే మనిషిని కాదు. అయినా ఫోన్ పెట్టేలోపలే, "ఆదివారం రా, ఆ పుంజు నీదే" అని మాటిచ్చేసినాను. నా నోరు ఎప్పుడూ చేతికంటే ముందర ఉరుకుతుంది.

మా ఊరు చింతామణి తాలూకులో, కైవార పక్కన. రెండేండ్ల కిందట మామిడితోటలో టర్కీ పిల్లల్ని తెచ్చి వదిలినాను. కొన్నిటిని కుక్కలు తినేసె, మిగిలినవి అమ్మితిమి. ఒక్క పుంజు మాత్రం చేతికి దొరక్కుండా తోటలోనే అడివిదాని మాదిరి బతుకుతాండె. మనిషి అలికిడైతే చాలు, కొమ్మెక్కేసేది.

"దాని వెంట యాడ పడతావు? చింతామణిలో కొంటే వాళ్ళే కోసి శుభ్రం చేసి ఇస్తారు కదా" అనింది మా ఇంటామె. మంచి మాటే. కానీ తోటలో మన పుంజు తిరుగుతాంటే అంగట్లో కొనుక్కొచ్చి చెల్లెలికి పెట్టడం నాకు నామోషీ అనిపించింది. అదీగాక ఎలక్షన్లని పోలీసుస్టేషన్లో పెట్టించుకున్న తుపాకిని ఆ వారమే తిరిగి ఇచ్చినారు. చేతులు ఊరికే ఉంటాయా?

అది మా నాయన కాలం నాటి తుపాకి. పందుల నుంచి పంటను కాపాడుకోను లైసెన్సు ఇచ్చింది. గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, పైన సీసం గుండ్లు వేసి, మళ్ళీ పీచు పెట్టి కడ్డీతో దట్టించాల. పెంచుకున్న కోడి చెట్టెక్కి దిగకపోతే నాయన దాన్ని ఆ తుపాకితోనే దించేవాడు. "తినేదాన్ని కొట్టాలంటే గుండ్లు తక్కువెయ్యాల్రా. మెడకు పెట్టాల, ఒంటికి పెట్టకూడదు. ఒంటికి తగిలితే కోడి నీదేగానీ కూర సీసానిదే" అనేవాడు. ఆయన అరగంటైనా చెట్టు కింద కదలకుండా కూర్చునేవాడు. నాకు ఆ ఓపిక రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాల. పోయినేడు శెనక్కాయ చేన్లో, ఇంత దగ్గర్లో నిలబడిన పందిని నేను తప్పగొట్టినాను. టీ అంగడి కాడ ఏడాదంతా అదే ఎత్తిపొడుపు. "ఏమప్పా, మీ పంది బాగుండాదా?" అని పలకరించేవాళ్ళు. ఆ మంట లోపల ఉండె. ఈసారి తప్పితే తలెత్తుకోలేనని, పందికి పోసేంత మందు పోసి, గుండ్లు రెండింతలు వేసి దట్టించినాను. ఒక కోడికి అంత ఏంటికని ఆలోచన చేస్తే కదా.

ఆదివారం పొద్దున్నే పుంజు తోకను విసనకర్ర మాదిరి విప్పుకొని, రొమ్ము పొంగించుకొని చెట్ల నడుమ తిరుగుతాంది. మెడ ఎత్తేదాకా కాసుకొని ఉంటే సరిపోయేది. నేను కాసుకోలేదు. రొమ్ముకే పెట్టి కాల్చేసినాను. పుంజు పడింది. పొగ పోయేలోపలే నేను మీసం మెలేసుకున్నాను కూడా.

ఇంటి వెనక బండ మీద మా ఇంటామె దాన్ని కోసింది. ఆమె ముఖం చూసి నా మీసం దిగింది. రొమ్ము కండంతా జల్లెడ అయిపోయింది. ప్రతి గుండూ తనతో కొన్ని ఈకలు లోపలికి ఈడ్చుకొని పోయింది. కండలో రక్తం గడ్డకట్టి నల్లగా కమిలింది. ఎముకలు నలిగి పెంకులు పెంకులుగా కండలో గుచ్చుకోనుండె. పేగులు తెగి ఆ రొచ్చంతా మాంసానికి పట్టి ఒకటే వాసన. నల్లబడిన కాడికి కోసి పారేస్తూ పోతే సగం కోడి కుక్కలపాలాయె. మిగిలిన ముక్కల్లో ఆమె దబ్బనంతో గుండ్లు వెదికి తీసింది. తీసేకొద్దీ వస్తానే ఉండాయి.

"ఇది కడుపుతో ఉండే మనిషికి పెట్టేది కాదు. బండి తీసుకొని చింతామణికి పో, ఇంగోటి తే" అనింది.

"ఆమె బస్సెక్కేసింది. మసాలా దండిగా వెయ్యి, నీ పని నువ్వు చూడు" అని ఆమె మీద ఎగిరినాను. తప్పు చేసినోడికే గొంతు పెద్దది. ఆమె పసుపు, ఉప్పు వేసి నాలుగుసార్లు కడిగి, వాసన పోవాలని నిమ్మకాయ పిండి, పెరుగులో నానబెట్టి, చింతపండు పులుసు పోసి వండింది.

చెల్లెలు వచ్చింది. సంగటి ముద్ద, కూర పెట్టినాము. "దాన్ని ఎట్ల పడితివి అన్నా?" అని అడిగితే, "వల వేసి పట్టినా" అన్నాను. మా ఇంటామె గిన్నె వైపే చూస్తా ఉండిపోయింది. మూడో ముక్క నమిలేటప్పుడు చెల్లెలు ఒక్క క్షణం ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. "ఎముక, అన్నా" అనింది. నేను ఎదురుగా కూర్చొని ఇంకా వడ్డిస్తానే ఉండాను. ఆమె తింటానే ఉండాది. నేను కూడా తిన్నాను. నా దవడపన్నుకు ఒక గుండు తగిలి పటుక్కుమంటే, సద్దు చేయకుండా మింగేసినాను.

ఆ పన్నే నన్ను పట్టించింది. నొప్పి తట్టుకోలేక నెల తర్వాత చిక్కబళ్ళాపురంలో పండ్ల డాక్టరు దగ్గరికి పోయినాను. ఎట్ల పగిలిందని ఆయన కన్నడలో అడిగినాడు. నేను నవ్వుతా కథంతా చెప్పినాను, రెండింతలు గుండ్లు దట్టించింది కూడా. ఆయన నవ్వలేదు. అన్ని గుండ్లు ఎముకకు తగిలితే సీసం కంటికి కనపడని పొడిగా రాలి కండలో కలుస్తుందని, దబ్బనంతో అది రాదని, పులుపులో నానితే ఇంకా కరుగుతుందని చెప్పినాడు. "ఇంకెవరు తిన్నారు?" అన్నాడు. చెల్లెలి సంగతి చెప్పినాను. "ఒక పూటకు ఏమీ కాకపోవచ్చు. కానీ సీసం తల్లి నుంచి బిడ్డకు పోతుంది. ఈ రోజే చెప్పండి, రక్తం పరీక్ష చేయించమనండి" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా బాగేపల్లి బస్సెక్కినాను. దారంతా ఎట్ల చెప్పాలో మాటలు పేర్చుకున్నాను. పోయేసరికి చెల్లెలు వాకిట్లోనే కూర్చోనుండె. కాఫీ ఇచ్చింది. "ఏమన్నా చెప్పేదుండాదా అన్నా?" అని అడిగింది. వాళ్ళ అత్త లోపల ఉండె. "ఏముంటుందమ్మా, ఊరికే చూసి పోదామని వచ్చినా" అన్నాను. అప్పటికే రెండు కడుపులు పోయిన మనిషికి ఈ దిగులు ఏంటికి పెట్టాలని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం. అత్తోళ్ళ ముందర నా పరువు పోతుందని భయం, అంతే.

ఇంటికొచ్చి డాక్టరు మాట చెప్తే మా ఇంటామె, "నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అని నిలదీసింది. ఈసారి నేనే చెప్తానని ఒట్టు పెట్టుకున్నాను. మళ్ళీ పోయినాను, చెప్పలేదు. మూడోసారి దానిమ్మపండ్లు తీసుకొని పోయినాను, అప్పుడూ చెప్పలేదు. పోయొచ్చేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమాయె, ఇన్ని దినాలు ఏంటికి దాచినావంటే ఏమని చెప్పేది? నన్ను నేను ఎంత తిట్టుకున్నా నోరు మాత్రం పెగల్లేదు.

నెలలు నిండి ఆడబిడ్డ పుట్టింది. మూడో దినం ఆస్పత్రి గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు నా నోరు పెగిలింది. "అమ్మా, ఆ కోడిని వల వేసి పట్టలేదు" అన్నాను. మిగిలింది చెప్పబోతాంటే ఏడుపొచ్చేసింది.

"తెలుసన్నా" అనింది ఆమె, బిడ్డ మీద గుడ్డ సర్దుతా. "ఆ దినం నోట్లో తగిలింది ఎముక కాదు, సీసం గుండు. కొంగులో ఊసుకుంటి. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే సీసం గురించి అంతా ఉండాది."

"మరి ఏంటికి తింటివమ్మా?"

"నువ్వు ఎదురుగా కూర్చోనుంటివి కదా. తినకుంటే నీ ముఖం చిన్నబోతాది." బిడ్డను ఒళ్ళోకి తీసుకునింది. "పోదామా వద్దా అని నెల గడిపి, నువ్వు మొదట ఊరికే చూసి పోదామని వచ్చిన దినమే రక్తం ఇచ్చి వచ్చింటి. గుడికి పోతానని వీళ్ళకు చెప్పి ఒక్కదాన్నే పోతి. తెలిస్తే నిన్ను అంటారని ఎవరికీ చెప్పలే. రిపోర్టు నాలుగు దినాలకు వచ్చింది. ఏం భయం లేదనిరి. పుట్టినాంక బిడ్డకు కూడా చేసినారు, బాగుండాది."

నాకు ఊపిరి ఆడింది. నవ్వబోయినాను కూడా. ఆమె నవ్వలేదు.

"ఆ నాలుగు దినాలూ నిద్రపోలేదన్నా" అనింది. "వాకిట్లో కూర్చోనుంటే నువ్వొస్తివి. ఎట్లో తెలిసి, నాకు తోడుగా ఉండేదానికే వచ్చినావనుకుంటి. అందుకే ఏమన్నా చెప్పేదుండాదా అని అడిగితి. నువ్వు కాఫీ తాగి పోయినావు."