మందు కొట్టరాదు

అది 2023 వానాకాలం. కేసముద్రంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. అంతకుముందు ఆరేళ్లు ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసి, తర్వాత ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్సర్‌నయ్యాను. అంటే ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను. పని ఇచ్చినవాళ్లకు ఒప్పుకున్నంత చేసిపెడతాను. నాది తెలుగు అనువాదం, ఆడియో. ఒక్కదాన్నే చేయలేని పనికి ఇంకొకరిని కలుపుకుని, వాళ్లకూ క్లయింటుకూ నడుమ నేనుంటాను.

ఆ ఏడు బెంగళూరు నుంచి ఒక చిన్న సంస్థ పని ఇచ్చింది. పత్తి రైతుల ఫోన్లకు పంపే నలభై వాయిస్ మెసేజులు. పురుగుమందు ఒంటి మీద పడకుండా ఎలా కొట్టాలి, కళ్లు మండితే ఏం చేయాలి, ఖాళీ డబ్బాలు ఎక్కడ వేయాలి, ఇలాంటివి. ఇంగ్లిషులో వచ్చినదాన్ని నేను తెలుగులో రాయాలి, చెల్పూర్‌లో ఉండే పద్మక్క చదవాలి. ఆమె భర్తది కరెంటు ప్లాంటులో ఉద్యోగం. క్వార్టర్‌లో ఫ్యాన్ ఆపేసి, కిటికీకి బొంత కట్టి, ఫోన్లోనే రికార్డు చేసి పంపేది.

మా రంగంలో పనిని మైల్‌స్టోన్లుగా విడగొడతారు. ఒక మెట్టు పని అప్పజెప్పి, క్లయింటు సరే అన్నాకే రెండో మెట్టు. మొదటి మెట్టు కింద పది మెసేజులు పంపితే అవి తిరిగొచ్చాయి. క్లయింటు తరఫున నాతో మాట్లాడే సుజాత గారిది కోస్తా. మర్యాదస్తురాలు. భాష మోటుగా ఉందనీ, "కొట్టొద్దు, తినొద్దు" అంటుంటే గద్దించినట్టుందనీ, పుస్తక భాషలో మెత్తగా చెప్పించమనీ అన్నారు. మనసు చివుక్కుమంది. కానీ మా మాట మోటని వినడం కొత్త కాదు, వాదించలేదు. 'వద్దు' ఉన్నచోటల్లా 'రాదు' పెట్టాను. పద్మక్క ఏమీ అనకుండా గొంతు తగ్గించి మళ్లీ చదివింది. నలభై పూర్తయ్యాయి. సైన్-ఆఫ్, అంటే ఇక మార్పులు లేవని క్లయింటు రాసిచ్చే ఆమోదం, అదీ వచ్చేసింది.

ఫైళ్లు అప్పజెప్పాల్సిన రోజు పొద్దున అన్నీ ఒకసారి వింటున్నాను. తైవాన్ పంపు, అంటే వీపుకు తగిలించుకుని మందు కొట్టే ఇంజను పంపు, మా మామయ్యను అడిగి తీసుకుపోదామని యాకయ్య వచ్చాడు. ఇరవై ఏళ్లుగా చేలల్లో మందు కొడుతున్న మనిషి. మామయ్య కోసం ఎదురుచూస్తూ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌లో పద్మక్క గొంతు మెత్తగా అంటోంది: "అన్నా, గాలికి ఎదురుగా నిలబడి మందు కొట్టరాదు."

"గిదేంది చెల్లె," అన్నాడు యాకయ్య, "గాలికి ఎదురుంగ నిలవడి కొట్టుమంటున్నది? మొత్తం మొఖం మీదికే వస్తది గద."

ఆడియో ఆపేశాను. మా దగ్గర 'జర కూసోరాదు' అంటే కూర్చోవద్దని కాదు, కాస్త కూర్చోమని బతిమాలడం. ఆ మెత్తని గొంతులో 'కొట్టరాదు' అంటే 'కొట్టవయ్యా' అన్నట్టే. రోజూ ఇంట్లో అనే మాటే. రాసేటప్పుడు నాకే తట్టలేదు.

ఫైళ్లు పంపేస్తే నన్నెవరూ తప్పుపట్టరు, ఆమోదం నా చేతిలో ఉంది. చెబితే గడువు తప్పుతుంది, మళ్లీ ఈ క్లయింటు పని ఇవ్వకపోవచ్చు. కానీ యాకయ్య ఎదురుగా ఉన్నాడు. సుజాత గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"అది సరైన తెలుగేనండీ. మా రివ్యూయర్ కూడా చూశారు," అన్నారు సుజాత గారు.

తప్పని నేననడం లేదనీ, రెండు నిమిషాలు వినమనీ అడిగాను. పక్కనే మందు కొట్టే యాకయ్య ఉన్నాడని చెప్పి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంకో మెసేజు వినిపించాను: "మందు కలిపిన చేతులతో బీడీ తాగరాదు, అన్నం తినరాదు." మెసేజులో ఆమె ఏం చెప్పిందని సుజాత గారే యాకయ్యను అడిగారు.

"ఏమున్నదమ్మా, బీడీ తాగుమన్నది, బువ్వ తినుమన్నది," అన్నాడు యాకయ్య. "నేనైతే చేతులు కడుక్కోకుంట తినను."



"రజిత గారూ," అన్నారు సుజాత గారు, "మొదటి పది తొలిసారి ఎలా చదివించారో అన్నీ అలాగే చదివించండి. ఎన్ని రోజులు కావాలి?"

నాలుగు రోజులు అడిగాను. పైవాళ్లకు తానే సర్దిచెప్పుకుంటానన్నారు. పద్మక్కకు ఫోన్ చేసి సంగతంతా చెబితే నవ్వింది. "సదువుతుంటెనే నాకు ఎట్లనో అనిపించింది చెల్లె. పెద్దోళ్లు చెప్పిన్రు గదా అని ఊకున్న." ఈసారి తన ఇంట్లో మాట్లాడినట్టే చదివింది. ఒక్క మెసేజూ తిరిగి రాలేదు. ఆ వానాకాలంలోనే మా చుట్టుపక్కల రైతుల ఫోన్లలో ఆమె గొంతు మోగింది. మిర్చి రైతుల కోసం రెండో పని ఇచ్చినప్పుడు సుజాత గారే ఒప్పందంలో కొత్తగా ఒక మెట్టు చేర్చారు: ఆమోదానికి ముందు రైతుకు వినిపించడం.

ఎవరి మీదా కోపం లేదు. పుస్తక భాష అడిగింది సుజాత గారే అయినా, రాసింది నేను. టేబుల్ ముందు కూర్చోగానే నా ఊరి చెవులు తీసి పక్కన పెట్టేశాను. చదివిన మనిషిని ఎలా అనిపించిందని ఒక్కమాట అడగలేదు. క్లయింటు సరే అంటే పని అయిపోయినట్టని అప్పటిదాకా అనుకునేదాన్ని. అది సగమే. చేను గట్టు మీద నిలబడ్డ మనిషికి సరిగ్గా అర్థమైననాడే ఆ పని పూర్తయినట్టు.