అలికిన కాడనే

కుక్క జాగ వాకిలి అవతల. ఈ మాట నాకు మా అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త చెప్పింది. నలభై ఏళ్లు నేను ఆ మాట దాటలేదు. దాటేలా చేసింది నా కొడుకు.

తెలంగాణ కోసం సమ్మె మొదలై బళ్లు మూతపడ్డాయి. జనగామలో కొడుకూ కోడలూ ఇద్దరూ పంతుళ్లే. పొద్దున లేస్తే పోయి దీక్ష టెంటులో కూర్చునేవాళ్లు. వాళ్ల ఎనిమిదేళ్ల పిల్లను చూసేదెవరని, బండి మీద మా ఊరు కొడకండ్లకు తెచ్చి నా దగ్గర దింపాడు. పిల్ల ఒళ్లో సంచి, సంచిలోంచి బయటికి ఒక నల్లమూతి. రోడ్డు మీద వంటావార్పు జరిగిన చోట విస్తరాకులు నాకుతున్న కుక్కపిల్లను ఎత్తుకుందట. సంచి విప్పకముందే అడుగంతా తడిసి ఉంది. పిల్ల బట్టలు కూడా అందులోనే ఉన్నాయి. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టకముందు నేను చేసిన పని ఆ బట్టలు పిండడం.

జనగామలో వాళ్లది కిరాయి ఇల్లు. ఇల్లుగలామె కొత్తగా టైల్స్ వేయించుకుంది. వాటి మీద చెప్పుల గుర్తు పడినా ఊరుకోదు. అందుకని నా కొడుకు పిల్ల ముందే తెగేసి చెప్పాడు. బళ్లు తెరిచేలోపు కుక్కపిల్ల ఇంట్లో ఉచ్చ పోయకుండా నేర్చుకుంటే జనగామకు తీసుకుపోతాడు. నేర్చుకోకపోతే తీసుకుపోడు. నా దగ్గర ఉంచుతాడేమోనని పిల్ల ఆశగా చూసింది. ఉంచనని నేనూ అప్పుడే చెప్పాను. కురవి దగ్గర మా తమ్ముడికి చేను కావలికి కుక్క కావాలి. అక్కడికి పంపిస్తాను, గొలుసేసి మంచెకు కడతాడు. పిల్ల ఏడవలేదు. కుక్కపిల్లను గట్టిగా పట్టుకుంది, అంతే.

ఆ రోజు నుంచి ఊళ్లో అందరూ సమ్మె ఎప్పుడు గెలుస్తుందా అని చూస్తుంటే, మా ఇంట్లో ఒకతి మాత్రం ఇంకొన్ని రోజులు సాగాలని మొక్కుకునేది.

మా ఇంట్లో ముందు అర్ర సిమెంటు గచ్చు. నడిమి అర్ర మట్టిది. దేవుడి గూడు, బియ్యం గుమ్మి, నా మంచం అందులోనే. ఆ దరిద్రపుది గచ్చు మీద ఒక్కనాడు పోయలేదు. ఎప్పుడు చూసినా నడిమి అర్రలోనే. తెల్లవారి మంచం దిగి కాలు పెడితే చల్లగా తగిలేది. ఆ చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ అరికాలు ముడుచుకుంటుంది. ఒక ఉచ్చతో అయిపోతే బాగుండు. రెండోది కూడా అక్కడే, మెత్తగా, గుమ్మి పక్కన. పైగా వాకిట్లో పెండనీళ్ల సాన్పు చల్లి ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి ఆ ముగ్గు నడుమ కూర్చుని పోసేది. దీపం ఒత్తులకని ఏకి పెట్టుకున్న పత్తి మీద కూడా పోసింది. పారేయడానికి చేతులు రాలేదు. నాలుగు నీళ్లు మార్చి ఉతికి, ఆరేసి, దిండులో కూరాను. ఆ దిండు మీద ఎవరూ తల పెట్టలేదు, నేను కూడా.

నేర్పలేదని కాదు. గంజి తాగించిన వెంటనే పాత చీర అంచు మెడకు కట్టి పెరట్లోకి లాక్కుపోయేదాన్ని. ఎండలో నేను, పిల్ల నిలబడి దాని వెనుక వైపే చూస్తూ ఉండాలి. ఆడమనిషి బతుకులో ఇంతకంటే నీచమైన పని ఏముంటుంది. అది మట్టి వాసన చూసేది, చీమల వెంట పోయేది, ఆవులించేది. పని మాత్రం చేసేది కాదు. విసిగి లోపలికి తెస్తే, తిన్నగా నడిమి అర్రకు పోయి, నా మొఖం చూసుకుంటూ వెనుక కాళ్లు వంచేది. చీపురు నేలకేసి కొట్టాను. మూతి పట్టి ఆ తడిలో రాశాను. తుమ్మి, తోక ఊపింది. ఇట్లాంటి మొండిదాన్ని నేను మనుషుల్లో కూడా చూడలేదు.

మైలైన నేలను ఎట్లా వదులుతాం. అది పోసిన ప్రతిసారీ పైమట్టి గీకి తీసి, ఆవు పెండ, ఎర్రమన్ను కలిపి ఆ మేర అలికేదాన్ని. పక్కింటి ఆవుల కొట్టంలో అడుక్కుని కొంత, దారిలో ఆవులు వేసింది ఎత్తుకుని కొంత. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. చేతులకు ఎంత కడిగినా పోని పచ్చ. అన్నం ముద్ద నోటి దగ్గరికి వస్తే రెండు వాసనలూ కలిసి వచ్చేవి, పెండదీ, దానిదీ. పది రోజుల్లో చిక్కిపోయాను.

అట్లాంటి ఒక పొద్దున తండా నుంచి సీతాఫలాల గంపతో ఎప్పుడూ వచ్చే లంబాడామె వచ్చింది. గంప దించి గడప దగ్గర కూర్చుంది. నేను లోపల వంగి అలుకుతున్నాను. అలికి ఇంకా చెయ్యి కడుక్కోలేదు, కుక్కపిల్ల వచ్చి ఆ తడి అలుకు వాసన చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీదే పోసింది. పిల్ల ఉరికి వచ్చి ఎత్తుకోబోయింది కానీ అప్పటికే అయిపోయింది. మా తమ్ముడికి కబురు చేస్తున్నాను, ఇంక నా వల్ల కాదు అని పిల్లతో అనేశాను. పిల్ల మొఖం తెల్లబోయింది.

లంబాడామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"గా కుక్క మొండిది కాదవ్వా. నువ్వే రమ్మని పిలుస్తున్నవ్."

నేనెందుకు పిలుస్తానని గద్దించాను.

"పెండ పెడితివంటే అది తన జాగనే అనుకుంటది గద. నువ్వు పూస్తవ్, అది పోస్తది. అది పోస్తది, నువ్వు పూస్తవ్. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు."

నాకు ఒళ్లు మండింది. పండ్లు వద్దని పంపేశాను. ఇల్లు అలకడం ఎట్లాగో తండామె నాకు చెప్పాలా అనుకున్నాను. కానీ పొద్దంతా ఆ మాట పోలేదు. గచ్చు అలకను, దాని మీద పోయదు. నడిమి అర్ర అలుకుతాను, సాన్పు వాకిట్లో చల్లుతాను, రెండుచోట్లా పోస్తుంది. పెరట్లో చెయ్యి పెట్టను, అక్కడ ఆవులిస్తుంది. మూడో తరగతి చదివిన నాకు కూడా తెలిసే లెక్క ఇది.

పెరట్లో గోడ మూల ఇంత మేర పెండతో అలికాను. మంచి పెండ, కుక్క పాలు చేశానని ఏడుపొచ్చింది. అది సగం పని. మిగతా సగమే కష్టం. నడిమి అర్రకూ వాకిలికీ పెండ మానాలి. మట్టి గీకి, బూడిద చల్లి, ఉత్త ఎర్రమన్నుతో మెత్తాను. వాకిట్లో ఉత్త నీళ్లు చల్లాను. బతుకమ్మ దగ్గరికి వస్తోంది. వాడంతా పచ్చగా సాన్పు, మా వాకిలి ఒక్కటి వెలవెల. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఒక్క శుక్రవారం కూడా నేను అలకకుండా ఉండలేదు. ఎదురింటామె అందరికీ వినబడేటట్లు అన్నది:

"అవ్వ గూడ సమ్మెల కూసున్నదట. తెలంగాణ వచ్చేదాక ఇల్లు అలకదట."

వాడంతా నవ్వారు. కుక్క ఉచ్చ కోసమని చెప్పుకునే దానికంటే సమ్మె అనిపించుకోవడమే నయమని ఊరుకున్నాను.

మొదటి రోజు కుక్కపిల్ల రెండుచోట్లా వెతుక్కుంటూ తిరిగింది. నడిమి అర్రలో మూతి పెట్టి చూసి, గుర్తు దొరకక, కుయ్యిమంటూ నా కాళ్ల చుట్టూ తిరిగింది. పిల్ల పెరట్లోకి తీసుకుపోయింది. వచ్చి "పోసింది" అన్నది, గట్టిగా చెబితే చెడిపోతుందేమో అన్నట్లు మెల్లగా. తర్వాత రెండుసార్లు తప్పింది. నాలుగో నాటికి దానంతటదే తలుపు గోకడం మొదలుపెట్టింది.

పండుగ దాటాక బళ్లు తెరుస్తారని కబురొచ్చింది. నా కొడుకు వచ్చాడు. నినాదాలకు గొంతు బొంగురుపోయి ఉంది. గడపలోనే ఆగి ముక్కు ఎగబీల్చి, ఇల్లెందుకు అలకలేదని అడిగాడు. పిల్ల నా చీర పట్టుకుని నిలబడింది. నేర్చుకుందని ఒక్క మాట అంటే సరిపోయేది. అది నిజమే కూడా. కానీ ఆ టైల్స్ ఇంట్లో పెండ ఎక్కడిది? సంగతి తెలియకుండా తీసుకుపోతే మొదటి రోజే చెడగొట్టి, మళ్లీ కుక్కనే మొండిదంటారు. కొడుకు ముందు నాది తప్పని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఆ రోజు ఒప్పుకోవలసి వచ్చింది.

"దాని తప్పేం లేదు కొడుకా. నేనే అలికి అలికి చెడగొట్టిన. మీ ఇంటెన్క ఒక మూలకు ఇంత పెండ పెట్టుండ్రి, ఆడికే పోతది."

వాడు నా మొఖం వంకా, గోడ దాకా ఉత్త ఎర్రమన్నుతో ఎండిన అర్ర వంకా చూశాడు. చాలాసేపు నవ్వాడు. ఇల్లుగలామెకు ఏం చెప్పాలని అడిగాడు. పిడకలు పెట్టుకుంటున్నామని చెప్పమన్నాను.

పిల్ల అప్పటికే బండెక్కి కూర్చుంది. కుక్కపిల్ల ఒళ్లో, నేనిచ్చిన పెండ సంచి బండి కొక్కేనికి. అది వెళ్లేటప్పుడు నా చేయి నాకింది. వెంటనే బూడిదతో రుద్ది కడుక్కున్నాను.