తారు పెట్టి మూసిన కన్నాలు

మా జీపు నడుము కాలవ కట్ట మీద విరిగింది. మిరప కళ్ళం ఎత్తేశాక మిగిలిన పట్టలూ గోతాలూ వేసుకుని ఇంటికి వస్తున్నాం. తోలేది మా అబ్బాయి. ముందు సీట్లో మా ఆయన, వెనక గోతాల మీద నేను. తూము దగ్గర ఒక గుంట ఉంది, రోజూ దాటేదే. ఆ పూట అది దాటుతుంటే కింద పటుక్కుమంది. వెనక ఎడమ పక్క నేలకు దిగబడిపోయింది.

టైరు పగిలిందనుకున్నాను. దిగి వంగి చూస్తే టైరు బాగానే ఉంది. బరువు మోసే కమాను పట్టీలు ఛాసీ నుంచి ఊడి పక్కకు వచ్చేశాయి. మేకు ఊడి రావడం వేరు, మేకుతో పాటు గోడ పెళ్ళ ఊడి రావడం వేరు. ఇది రెండోది.

జీపు అడుగు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పైన కనబడే రంగూ రేకూ బండి కాదు. కింద ఈ కొస నుంచి ఆ కొసకు రెండు ఇనుప దూలాలు ఉంటాయి, లోపల బోలుగా. వాటి మధ్య అడ్డకమ్మీలు. నిచ్చెనను పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఇంజనూ సీట్లూ మనమూ అందరం ఆ నిచ్చెన మీదే. దాన్నే ఛాసీ అంటారు. అదే పుచ్చిపోయింది.

"అమ్మా, ఇహ దీన్ని పాత ఇనుము కొట్టుకి ఏసేద్దాం," అన్నాడు మా అబ్బాయి. "ఇప్పుడు జీపులు ఎవురు తోల్తన్నారు? నా కారుంది గదా."

"నీ కారులో మీ నాయన్ని ఎక్కించి చూపించు, అప్పుడు మాట్లాడదాం."

మా ఆయన కుడి మోకాలు వంగదు. కారులోకి తల వంచి దూరాలన్నా, ఆటోలో కాళ్ళు ముడుచుకోవాలన్నా ఆయన వల్ల కాదు. జీపు సీటు ఆయన నడుము ఎత్తున ఉంటుంది. పక్కకు తిరిగి ఆనుకుని కూర్చుని, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటాడు. ఆ జీపు ఉంటేనే ఆయనకు చేను. లేకపోతే వసారాలో మంచమే. చేను చూడని రోజున ఆయన కంచంలో అన్నం సగం వదిలేస్తాడు. ముందుముందు రోజూ సగం అన్నం పారబోసుకోవడం నేను చూడలేను. వదిలేసిన అన్నం కన్నా, వదిలేసే మనిషిని అసలే చూడలేను.

జీపును ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కించి నరసరావుపేట లారీ షెడ్ల దగ్గరకు తీసుకుపోయాం. అక్కడ మాకు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. నన్ను పెద్దమ్మా అంటాడు, మా ఆయన్ని పెదనాన్నా అంటాడు, ఇద్దరితోనూ బేరం మాత్రం గట్టిగా ఆడతాడు. వాడు జీపు కింద దూరి చిన్న సుత్తితో దూలాల పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం గదా, అట్లాగే. ముందు పక్క ఖంగుమంది. వెనక్కి పోయేకొద్దీ మోగడం మానేసింది. ఒకచోట సుత్తి లోపలికే దిగింది. ఎండిన ఉల్లిపొట్టులా ఎర్రటి పొరలు వాడి మొహాన రాలాయి.

బయటికి వచ్చి కళ్ళు తుడుచుకుని రెండు దారులు చెప్పాడు. పుచ్చిన చోట పైన ప్లేటు వేసి వెల్డింగు పెట్టడం ఒకటి. బాడీ మొత్తం ఎత్తేసి, పుచ్చింది కోసేసి, కొత్త ప్లేటును దూలంలాగా మడిచి అతకడం రెండోది.

"తక్కువలో అయ్యేది ఏదిరా?" అన్నాను. ఎక్కడికి పోయినా నా మొదటి ప్రశ్న అదే.

"పైన ఏసేదే పెద్దమ్మా."

"ఆ ప్లేటుని దేనికి అంటిస్తావు?"

"దీనికే."

"ఇది సుత్తి దెబ్బకే రాలతంది గదరా."

వాడు గడ్డం గోక్కున్నాడు. "పట్టుకునిద్దిలే. ఏడాదో, ఏడాదిన్నరో."

నేను చదివింది మూడో తరగతి దాకానే. కానీ మిరపకాయల గోతాలు నా చేతి మీదుగా ఎన్ని పోయాయో చెప్పలేను. చిరిగిన గోతానికి మాసిక వేసేటప్పుడు ముందు చిరుగు చుట్టూ పీకి చూడాలి. నార గట్టిగా ఉన్న చోటి దాకా చింపుకుంటూ పోవాలి. అక్కడి నుంచి కుట్టాలి. పుచ్చిన నార మీద కుడితే మాసిక బాగానే ఉంటుంది, దాని చుట్టూ గోతం చిరుగుతుంది. ఇనుము సంగతి నాకు తెలియదు గానీ, మాసిక సంగతి తెలుసు.

"గట్టి ఇనుము తగిలిందాకా కొయ్యి," అన్నాను.

మా ఆయన నా వంక విచిత్రంగా చూశాడు. "ఏమే, ఒళ్ళు బాగానే ఉందా? ఎక్కువయ్యేది అడగతన్నావు."

"రెండుసార్లు చేయించేదానికన్నా ఇదే తక్కువ."

ఖర్చు కలిసివస్తుందని మా పాత ఎద్దుబండి చక్రం ఇనుప పట్టా ఇంటి నుంచి తీసుకుపోయాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మడతకి రాదు పెద్దమ్మా, మన పెదనాన్న లాంటిది," అని నవ్వాడు. దాన్ని మళ్ళీ ఇంటికే మోసుకొచ్చాను.

బాడీని చెయినుతో పైకెత్తి, ఛాసీ కింద కొయ్య దిమ్మలు పెట్టారు. కోసేటప్పుడు అది వంగకుండా. ఆ రోజు మేమిద్దరం అక్కడే ఉన్నాం. మా ఆయన ప్లాస్టిక్కు కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. మెకానిక్కు ఎడమ దూలాన్ని పక్కనుంచి కోసి రేకు ఊడదీశాడు. లోపల నుంచి బురద ముద్దలు ముద్దలుగా పడింది. అందులో మిరప గింజలు, పత్తి పీచు, గట్టిపడిన ఎరువు. ఎన్నేళ్ళు ఎరువు బస్తాలు మోసిందో అన్నేళ్ళ ఎరువూ కొంచెం కొంచెంగా దిగినట్టుంది. బయట రోళ్ళు పగిలే ఎండ. ఆ బురద మాత్రం తడిగా ఉంది.

వాడు దూలం అడుగున వేలితో తడిమాడు. తరవాత ఒక నల్లటి బిళ్ళను స్క్రూడ్రైవరుతో పెకలించి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఈ కన్నాలు ఎవురు మూశారు పెద్దమ్మా? నీళ్ళు కారిపోడానికి పెట్టిన కన్నాలియ్యి. తారు పెట్టి మూశారు."

నేను నోరు తెరవకముందే కుర్చీలో నుంచి వచ్చింది జవాబు.

"నేనే. ప్రతి ఏడూ, తొలకరికి ముందు. నీళ్ళెక్కుతాయని."

"నీళ్ళు కింద నుంచి ఎక్కవు పెదనాన్నా. పైనుంచి దిగుతాయి. దిగినయ్యి పోడానికి దారి లేకపోతే..." అని వాడు మధ్యలో ఆగిపోయాడు. ఆ తారు బిళ్ళను ఎక్కడ పారేయాలో తెలియనట్టు చొక్కా జేబులో వేసుకున్నాడు.

మోకాలు బాగున్న రోజుల్లో, జీపు కింద గోతం పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు మా ఆయన. నా బయటి పొయ్యి మీద తారు కరిగించి డబ్బాలో పోసుకుని, పుల్లతో ఒక్కొక్క కన్నానికీ నింపేవాడు. పొయ్యి తగలేశావని నేను తిట్టేదాన్ని. ఊళ్ళో వాళ్ళు మాత్రం, బండిని చూసుకుంటే ఆయనలాగా చూసుకోవాలనేవాళ్ళు.

అది ఆయన ఒక్కడి తెలివితక్కువతనం కాదు. మాది కాలవ నీళ్ళ సేద్యం. గట్టుకు ఎండ్రకాయ బొక్క పెడితే, పొద్దున చూసి మూయకపోతే సాయంత్రానికి గండి పడుతుంది. మా దగ్గర పుట్టినవాడికి కన్నం కనబడితే చెయ్యి దానంతట అదే మట్టి కోసం పోతుంది. చేనుకు నీళ్ళు నిలవాలి, బండిలో నిలవకూడదు. ఆ తేడా మాలో ఎవరికీ తట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆయన తిన్నగా వసారాలో మంచం ఎక్కాడు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, "అమ్మెయ్యండి దాన్ని," అన్నాడు. "తుప్పు తినలేదు. నేనే తిన్నా."

"కోతకి పెట్టిన దాన్ని సగంలో అమ్మితే ఎవుడు కొంటాడయ్యా?"

"ఇనుము కొట్టుకి ఎయ్యండి."

"ఏసి? నువ్వు ఈ మంచం మీద కూర్చుని వచ్చే పోయే బస్సులు లెక్కేసుకుంటా ఉంటావా?"

"ఉంటా. నీకేం?"

ఓదార్చడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఎవరూ నా దగ్గరకు ఓదార్పుకు రారు. "మూసింది నువ్వే," అన్నాను. "కాదని నేను చెప్పను. కానీ మూసింది దాన్ని పాడు చేద్దామని కాదు గదా. ఇప్పుడు తెలిసింది. తెలిసినాక కూడా బండి లేకుండా కూర్చుంటే, అది మాత్రం కావాలని చేసినట్టే."

ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు. కంచంలో అన్నం సగం మిగిలింది. ఆ పూటా, ఆ తరవాత కూడా.

షెడ్డుకు నేనొక్కదాన్నే బస్సులో పోయి వస్తుండేదాన్ని. పుచ్చినదంతా కోసేశారు. కోసిన అంచు గ్రైండరు పెడితే వెండి మట్టెలా మెరిసింది. గట్టి ఇనుము అంటే అదీ. కొత్త ప్లేటును అంటీ అంటనట్టు అక్కడక్కడ వెల్డింగు చుక్కలు పెట్టి నిలబెట్టారు. పూర్తి వెల్డింగు పెట్టేముందు ఛాసీ సూటిగా ఉందో లేదో చూడాలన్నాడు మెకానిక్కు. ఈ మూల నుంచి ఆ మూలకూ, ఆ మూల నుంచి ఈ మూలకూ దారం పట్టి కొలుస్తారు. రెండూ సమానం కావాలి. తేడా ఉంటే బండి జన్మంతా ఒక పక్కకే లాగుతుందట.

ఇంటికి వచ్చి అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు.

"దారం ఎవురు పడతన్నారు?"

"వాడే. రెండో కొసకి మేకు కొట్టి కడతాడంట."

"మేక్కి కడితే జారిద్ది. మనిషి పట్టుకోవాల." ఎడమచేతి వేళ్ళతో దారం పట్టినట్టు చూపించి, "కళ్ళానికి మూలలు కొట్టేటప్పుడు నేనెట్టా పట్టేవాణ్ణి? చూళ్ళేదా నువ్వు?"

"చూశాలే. పొద్దున వస్తావా?"

"ఎందులో రాను?"

"ట్రక్కులో కుర్చీ ఏయిస్తా. నిన్ను కూడా సామాను లాగా తీసుకపోతా."

చానా రోజులకు నవ్వాడు. నలుగురు పట్టి ఎక్కించారు. షెడ్డులో ఛాసీ ఒక మూల దగ్గర కుర్చీ వేయించుకుని, దారం కొసను బొటనవేలి కింద నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్కు అటు లాగితే కసిరాడు, వదులు చేస్తే కసిరాడు. రెండు దారాలూ కలిసేదాకా దిమ్మల కింద చెక్కలు తోయిస్తూనే ఉన్నారు. కలిశాక వెల్డింగు మొదలుపెట్టారు. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం. ఒకేచోట ఏకబిగిన పెడితే వేడికి ఛాసీ లాగేస్తుందట. ఆయన చివరిదాకా కదల్లేదు.

తుప్పు పట్టకుండా ఎర్ర ఆక్సైడు పూసేముందు మెకానిక్కు డ్రిల్లు తీసి కొత్త దూలం అడుగున కన్నాలు పెట్టడం మొదలెట్టాడు. ఎందుకో తెలిసి కూడా నాకు ప్రాణం ఉసూరుమంది.

"నిన్నగాక మొన్న పెట్టిన ఇనుముకి అప్పుడే బొక్కలా?" అన్నాను.

"పెట్టనీవే," అన్నాడు మా ఆయన. "ఇంకొంచెం పెద్దయి పెట్టరా."

తొలకరికి ముందే జీపు ఇంటికి వచ్చింది. ఆయన రోజూ చేనుకు పోతున్నాడు. తారు డబ్బా పెరట్లో చూరు కిందే ఉంది. నేను తీయలేదు, ఆయనా తీయలేదు.

మొదటి వాన సాయంత్రం కురిసింది. మా అబ్బాయి జీపును పాకలో పెట్టబోతే మా ఆయన వద్దని వాకిట్లోనే ఉంచమన్నాడు. వాన వెలిసేదాకా వసారాలో మంచం మీద కూర్చుని దానివంకే చూశాడు. వెలిశాక నన్ను పిలిచాడు.

"ఏమే, కిందకి వంగి చూడు. కారతన్నాయా?"

పమిట నడుముకు దోపుకుని వంగాను. వెనక దూలం అడుగు నుంచి బొట్టు మీద బొట్టు పడుతోంది.

"కారతన్నాయి."

"ఏ రంగు?"

చీకటి పడుతోంది, తెలియలేదు. స్టీలు గిన్నె తెచ్చి కింద పెట్టాను. కాస్త నిండాక తీసుకుపోయి ఆయన చేతికిచ్చాను. వసారా దీపం కింద ఇద్దరం చూశాం. నీళ్ళలో ఎర్రటి నలక, కోసిన పొడీ, పాత దూలంలో మిగిలిన ముందు భాగపు తుప్పూ అయి ఉండాలి.

"కొంచెం ఎరుపుంది," అన్నాను. లేదని చెప్పడం నాకు చేతకాదు.

ఆయన గిన్నెను అటూ ఇటూ వంచి చూశాడు.

"ఉండనీ," అన్నాడు. "బయటికే పోతంది గదా."

గిన్నె నా చేతికిచ్చి, అన్నం పెట్టమన్నాడు. కంచంలో ఒక్క మెతుకు మిగల్లేదు.