పొగ లేవకూడని రోజు

ఆ పొయ్యి ముట్టించింది నేను కాదు. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగానంటే మరచిపోయానని కాదు. ముట్టించినవాళ్ళకు సిగ్గు వచ్చి వాళ్ళే చెబుతారేమోనని చూశాను. రాలేదు. పైగా ఆ రోజు నాతో వచ్చిన ఇద్దరిలో ఒకాయన, కాలేజీ లెక్చరరు, తమ కాలేజీ సంచికలో మా ఆదివారం నడకల మీద వ్యాసం రాశాడు. అందులో "మా మిత్రుడొకరి తొందరపాటు వల్ల ఒక పల్లెలో చిన్న పొరపాటు జరిగింది" అని ఒక్క వాక్యంలో నన్ను ముగించేశాడు. ఆ మిత్రుణ్ణి నేనే. పొరపాటు చిన్నదో పెద్దదో, తొందర ఎవరిదో నేను రాస్తాను.

అసలు ఆ నడకలు మొదలుపెట్టిందే నేను. వ్యాసంలో అది కూడా లేదు. తొంభైల చివర్లో నేను అనంతపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. బెంగళూరు చూసొచ్చినవాళ్ళకు అనంతపురం ఒక లెక్కలోకి రాకపోవచ్చు. చుట్టూ పల్లెల్లో పుట్టిన మాకు అదే మహాపట్నం. ఆరు రోజులు ఫైళ్ళ దుమ్ము పీల్చి, ఏడో రోజు సినిమా హాలు ముందు వరసలో నిలబడడం కన్నా గుట్ట ఎక్కడం మేలనిపించింది. పట్నం నుంచి ఏ దిక్కు బస్సెక్కినా గంటలోపు ఒక గుట్ట దొరుకుతుంది. రాప్తాడు దాటితే కొన్ని, కళ్యాణదుర్గం రోడ్డులో కొన్ని. చెట్టూ చేమా తక్కువ కాబట్టి దారి తప్పుతామన్న భయం లేదు. ఎక్కడ నిలబడినా వచ్చిన దారీ కనిపిస్తుంది, పోవలసిన దారీ కనిపిస్తుంది. పైకి పోయాక గాలి చెవుల్లో హోరుమంటుంది. కింద శెనక్కాయ చేలు, ఎండిపోయిన వంక, తాడులా పడి ఉన్న రోడ్డు. ఆ కాసేపు ఆఫీసులో నన్నెవరేమన్నారో గుర్తుకు రాదు. నా విషయంలో అది చిన్న సంగతి కాదు.

మేకలు మేపేవాళ్ళకు మాత్రం మేము అర్థమయ్యేవాళ్ళం కాదు.

"ఏమప్పా, మేకేమన్నా తప్పిపోయినాదా?"

"లేదన్నా, ఊరికే ఎక్కుతాండాం."

"ఊరికేనా! తిన్నది అరగలేదా ఏమి?"

నిజానికి అది తలకిందులు. మేము ఆకలి కోసం ఎక్కేవాళ్ళం. నడక సగం, ఆ తర్వాత తిండి సగం. పట్నంలో పెద్ద హోటళ్ళు లేక కాదు. ఒకసారి ఒక హోటల్లో నేను దోసె సగం తిని ఉండగా సర్వరు వచ్చి, "సార్, పళ్ళెం తీసుకోని కొంచెం ఆ మూలకు పోతారా, ఆఫీసరు సారు వచ్చినాడు" అన్నాడు. నేను కదల్లేదు. మిగతా సగం ఎంత నెమ్మదిగా తినవచ్చో అంత నెమ్మదిగా తిన్నాను. ఆ ఆఫీసరు నిలబడే ఉన్నాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అప్పటినుంచి గుట్టల కింద పల్లెల్లో తినే చోట్లు వెతకడం మొదలుపెట్టాను.

అలా దొరికిందే ఆ హోటలు. కళ్యాణదుర్గం రోడ్డులో బస్సు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే ఒక గుట్ట, గుట్ట కింద ఎనభై గడపల పల్లె. ఊరి పేరు రాయను. మళ్ళీ ఎవరో ఒకరు బయలుదేరతారు. ఊరి మధ్య ఒక రేకుల పంచ, రెండు బెంచీలు, బయట మట్టిపొయ్యి. నడిపేది నలభై ఏళ్ళ మనిషి, అందరికీ హోటలక్క. ఆమె చేసే ఉగ్గాని లాంటిది నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో వేసి తీసి పిండడంలోనే అంతా ఉంది. ఒక్క క్షణం ఎక్కువైతే ముద్దవుతాయి, తక్కువైతే నోట్లో గుచ్చుకుంటాయి. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తిరగవాత, పైన పుట్నాలపొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. బొరుగులు నానిన నీళ్ళు పారబోసేది కాదు, మేకకు పెట్టేది. నీళ్ళకు అంత కరువు.

నాలుగు వారాలు ఒక్కణ్ణే పోయాను. ఐదో వారం ఆ లెక్చరరునూ, మా వీధిలో బట్టలంగడి పెట్టుకున్న ఇంకొకాయననూ పిలుచుకుపోయాను. "ఆ అక్క మన మనిషే" అని వాళ్ళతో గొప్పగా చెప్పాను. తప్పు ఏదైనా నాదంటే ఆ ఒక్క మాటే. రెండేళ్ళు నెలకోసారైనా పోయాం. ఆర్నెల్లు తిరక్కుండానే లెక్చరరు దాన్ని "మన హోటలు" అనడం మొదలుపెట్టాడు. విన్నాను, ఊరుకున్నాను, మనసులో రాసుకున్నాను.

ఇక ఆ ఆదివారం. వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. మొదటి బస్సుకు పోయి, పొద్దెక్కకముందే ఊరి మొదట్లోకి చేరాం. దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. మా వైపు చేలకు, దొడ్లకు మేకలు రాకుండా కంప వేయడం మామూలే. చేతికర్రతో పక్కకు జరిపాను, ముగ్గురం దాటాం, మళ్ళీ ఎట్లున్నది అట్లా వేశాను. ఇది గమనించండి, మళ్ళీ వేశాను.

ఊళ్ళో మనిషి లేడు. కుక్క లేదు, కోడి లేదు. ప్రతి తలుపుకూ తాళం.

"ఏందిది, ఊరంతా వలసపోయినారా?" అన్నాడు లెక్చరరు.

నాకూ ఆ అనుమానమే వచ్చింది. ఆ రోజుల్లో రాత్రికి రాత్రి బెంగళూరు కూలికి పోయిన ఇళ్ళు ఎన్నో. హోటలు ముందు బెంచీలు ఉన్నాయి, అక్క లేదు. మేకను కట్టే గూటమన్నా ఉందో లేదో చూద్దామని వెనక్కు పోబోతుంటే లెక్చరరు ఆపాడు.

"అన్నా, నీ దగ్గర అగ్గిపెట్టె ఉంటాది కదా, ఇట్లియ్యి. ఒక సిగరెట్టు తాగుతా."

గుట్ట మీద ఒక దేవుడి రాయి ఉంది, దానికి కర్పూరం వెలిగించడానికి నేనెప్పుడూ అగ్గిపెట్టె పెట్టుకునేవాణ్ణి. ఇచ్చాను. సిగరెట్టుకని అడిగితే ఇచ్చాను.

వెనక గూటం ఉంది, మేక లేదు. రోలు ఉంది, గోడవార కట్టెల మోపు ఉంది. వలసపోయేవాళ్ళు కట్టెలు వదిలిపెట్టరు. కాస్త ధైర్యం తెచ్చుకుని ముందుకొచ్చేసరికి అక్క పొయ్యి భగభగ మండుతోంది. అందులో పచ్చికట్టె కూడా దోపారేమో, తెల్లటి పొగ రేకుల మీదుగా నిటారుగా లేచింది. బోర్లించి ఉన్న అక్క గిన్నెలో మా సీసాల నీళ్ళు పోసి, సంచిలోని టీపొడి, చక్కెర వేసి లెక్చరరు ముందు కూర్చున్నాడు. బట్టలంగడాయన పుల్లలు అందిస్తున్నాడు.

"ఇది బాగుండదు సార్, ఆమె లేనప్పుడు" అన్నాను.

"నువ్వే కదప్పా మన మనిషే అంటివి. ఏమనుకోదులే."

నా మాటే నా నోరు మూసింది. అప్పుడే నీళ్ళు చల్లి ఆర్పి ఉండాల్సింది. ఆర్పలేదు. టీ ఇస్తే తాగాను కూడా. దాచడం లేదు.

గ్లాసు సగమైందో లేదో కేకలు వినిపించాయి. ఒకరిద్దరివి కావు, పెద్ద గుంపువి. లేచి చూస్తే, మేము రాని వైపు ఊరి రెండో కొసన కూడా కంప, దాని అవతల ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒక్కరూ దాటి లోపలికి రావడం లేదు. అక్కడి నుంచే అరుస్తున్నారు.

"బయటికి రాండప్పా! మొదుట బయటికి రాండి!"

పోయాం. ఊరి పెద్దాయన, తలకు తువ్వాలు చుట్టుకుని, ముందు నిలబడ్డాడు.

"ఈ పొద్దు ఊళ్ళో నిప్పు ముట్టీకూడదు, పొగ లేవకూడదు. తెల్లవారకముందే గొడ్డూ గోదా, పిల్లా జెల్లా అందరం పొలిమేర దాటి పోతాం. పొద్దు గుంకినాకనే లోపలికి. ఊరికి పట్టింది పోయి వాన రావల్లని మా తాతల కాలం నుంచీ చేస్తాండాం. చూడప్పా, ఆ బాలింతను కూడా ఈడనే కూసోబెట్నాం. మీరొచ్చి పొయ్యి ముట్టిస్తిరి."

వేపచెట్టు కింద ఒక పిల్ల పసిగుడ్డును కొంగు కింద దాచుకుని కూర్చుని ఉంది. పక్కన గంపల కింద కోళ్ళు, మంచం మీద ఒక ముసలమ్మ. ఊరంతా పొలాల్లో కూర్చుని తమ ఊరి వైపు చూస్తుండగా, ఊరి నడుమ నుంచి పొగ లేవడం వాళ్ళు చూశారు.

"ముట్టించినోళ్ళెవరు?" అన్నాడు పెద్దాయన.

నేను లెక్చరరు వైపు చూశాను. చదువుకున్నవాడు, వందమంది పిల్లలకు పాఠాలు చెప్పేవాడు, ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని ఇలా అన్నాడు.

"మాకేం తెలుసు పెద్దాయనా. మమ్మల్ని ఈయనే పిల్చుకోనొచ్చినాడు. అగ్గిపెట్టె కూడా ఈయనదే."

రెండూ నిజాలే. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి అబద్ధం ఎట్లా చేయాలో ఆ రోజు నేర్చుకున్నాను. గుంపులో నుంచి హోటలక్క నా వైపు చూసింది. పళ్ళెం జరపమంటే జరపనివాణ్ణి, బస్సులో చిల్లరకు కండక్టరుతో స్టాండు దాకా పోట్లాడేవాణ్ణి, ఆ క్షణంలో ముట్టించింది నేను కాదని చెప్పలేకపోయాను.

పెద్దాయన ఇంకా తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "సరే, పోండి. వచ్చే ఆదివారం మొదుట్నుంచి మల్లా చేయల్ల" అని మాతో కాదు, వాళ్ళవాళ్ళతో అన్నాడు. ఎవరో ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు. బాలింత తల వంచుకుంది. మళ్ళీ ఒక రోజంతా ఎండలో.

బస్సులో బట్టలంగడాయన నాకు ధైర్యం చెప్పబోయాడు. "పోనీలే అన్నా, పల్లెటూరోళ్ళ నమ్మకాలు. ఎవరు ముట్టిస్తే ఏముండాది?"

"ఏమీ లేకపోతే, ముట్టించినానని నువ్వే చెప్పకపోయినావా?"

"నేనెందుకు చెప్తా? నేను ముట్టీలేదు కదా."

లెక్చరరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బస్టాండులో దిగాక ఇద్దరూ ఎదురుగా ఉన్న మెస్సులోకి పోయి భోంచేశారు. నన్ను రమ్మన్నారు. పోలేదు. వాళ్ళతో కలిసి నేను నోట్లో పెట్టుకున్నది ఆ సగం గ్లాసు టీయే ఆఖరు.

వారమంతా ఒకే మాట నమిలాను. ఆ ఊరివాళ్ళ ముందు నిలబడి, ముట్టించింది ఎవరో చెప్పాలి. హోటలక్కకు చెప్పాలి. లేకపోతే ఆ ఊరికి, ఆ గుట్టకు, ఆ బెంచీకి నేను పనికిరాను. శనివారం రాత్రే కళ్యాణదుర్గం రోడ్డులో తెలిసినవాళ్ళింట్లో పడుకుని, ఇంకా చీకటి ఉండగానే నడిచి ఆ ఊరు చేరాను. జనం అప్పుడే బయటికి వస్తున్నారు. పెద్దాయన నన్ను చూసి ఆగాడు. నేను నోరు తెరిచేలోపే, "వచ్చినావా, ఊరికే నిలబడకుండా ఆ గంప పట్టుకో" అన్నాడు. కోళ్ళ గంప చేతికొచ్చింది. వెనకనుంచి ఇంకెవరో, "సామీ, ఈ పొద్దు జేబులో అగ్గిపెట్టె లేదు కదా!" అన్నారు. అందరూ నవ్వారు. లేదు. నేను తీసుకురాలేదు. కావాలంటే జేబులు చూపిస్తానన్నాను. మరీ నవ్వారు.

పొద్దంతా వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం పొలిమేర అవతల రాళ్ళ పొయ్యిలు పెట్టి వండారు. హోటలక్క సంగటి ముద్ద, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి ఆకులో వేసి నా ముందు పెట్టింది. ఇదే సమయమనుకున్నాను.

"అక్కా, ఆ పొద్దు పొయ్యి ముట్టించింది నేను కాదు. ఆ లెక్చరరు సారు. ఇంకొకాయన పుల్లలు అందించినాడు."

"తెలుసన్నా" అంది తలెత్తకుండా. "పచ్చికట్టె పెట్టి కూడా పొయ్యి అంత మండింది చూస్తానే తెలిసె. నీకు పొయ్యి ముట్టిచ్చేదే రాదు. రెండేండ్లుగా చూస్తాండా, కర్పూరానికి కూడా నాలుగు పుల్లలు గీస్తావంట."

"తెలిసి ఆ పొద్దు ఎందుకు చెప్పలేదక్కా? అంతమందిలో నేను మాట పడితిని కదా!"

"నేనెందుకు చెప్తా? వాళ్ళు నాకెవరు? నేను ఎరిగింది నిన్ను. పిల్చుకోనొచ్చింది నువ్వు. నువ్వు చెప్తావేమోనని చూస్తి."

"పిల్చుకొచ్చినోడిదే తప్పా? ఇదేం న్యాయం?"

"మా ఊర్లో అంతే. తిను, సల్లారితే గట్టి పడతాది."

ఆమెతో వాదించాను. సంగటి అయిపోయేదాకా వాదించాను. అగ్గిపెట్టె సిగరెట్టుకని అడిగి తీసుకున్నాడని చెప్పాను, కంప మళ్ళీ వేశానని చెప్పాను, బాగుండదని నేనన్న మాట కూడా చెప్పాను. అన్నీ విన్నది. ఒక్కదానికీ మనసు మార్చుకోలేదు. నేనూ మార్చుకోలేదు. ఈ రోజుకీ ఒప్పుకోను. కానీ లెక్చరరు అన్న మాటకూ ఆమె అన్న మాటకూ తేడా ఉంది. ఆయన తప్పించుకోవడానికి నన్ను ముందుకు తోశాడు. ఆమె నన్నే ఎరుగుదునంది. ఆ తేడా అర్థం కావడానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది, అయినా కోపం పూర్తిగా పోలేదు.

ఆ పైవారం హోటలు తెరిచి ఉంది. నన్ను చూసి అక్క బొరుగులు నీళ్ళలో వేసింది.

"ఒంటిగా వచ్చినావే?"

"ఇంకమీద ఒంటిగానే వస్తా అక్కా. నన్ను నేనే పిల్చుకోనొస్తా. ఏదన్నా తప్పు జరిగితే ఎవరిదని వెతకాల్సిన పనుండదు."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.