పెద్దసారుకు పొడుగు బ్యాడ్జీ

నా ఉద్యోగాన్ని నేనే మొదలంటా నరుక్కున్న కథ ఇది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పట్లో బోధన్ చుట్టుపక్కల నవ్వనివాళ్లు లేరు.

అరవైల్లో మాట. మెట్రిక్ పాసై, బోధన్ దగ్గర ఒక చెరకు రైతుల సంఘంలో టెంపరరీ గుమాస్తాగా చేరాను. రైతులకు చెరకు కోత పోటీ పెట్టారు. ముఖ్య అతిథి హైదరాబాదు నుంచి వచ్చే పెద్దసారు. నన్ను పర్మినెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే.

బ్యాడ్జీలు పంచే పని నాది. కొన్నింటి మీద ‘గెస్ట్’, కొన్నింటి మీద ‘పార్టిసిపెంట్’ అని ఇంగ్లీషులో ఉంది. మొదటిది అతిథికి, రెండోది పోటీలో దిగేవాడికి అని నాకు తెలియదు. ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? మెట్రిక్ పాసైనవాడు అడుగుతాడా! లోకం వాపు చూసి బలుపనుకుంటే, నేను మాట పొడుగు చూసి మర్యాద అనుకున్నాను. పొట్టి మాట రైతులకు, పొడుగు మాట పెద్దసారుకు అని తేల్చేశాను.

“గిదేంది బిడ్డా?” అన్నాడు రైతు లింగయ్య.

“గెస్టంటే వచ్చినోడు బాపు. నువ్వు వచ్చినవ్ గదా?”

“వచ్చిన.”

“మరి పెట్టుకో.”

పెద్దసారు కోటుకు ‘పార్టిసిపెంట్’ నేనే వంగి గుచ్చాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతూ చూసుకోలేదు.

వాలంటీర్లు బ్యాడ్జీలు చూసి రైతులందరినీ వేదిక మీద సోఫాల్లో కూర్చోబెట్టి దండలు వేశారు. ఇటు పోటీ నడిపే ఖాసిం సాబ్ పెద్దసారును ఎన్నడూ చూసినవాడు కాదు. బ్యాడ్జీ చదివి, తోటలోకి తీసుకుపోయి కత్తి చేతికిచ్చాడు.

“మొదటి గడ నాతోని కోయిస్తున్నరా? బహుత్ ఖూబ్!” అని పెద్దసారు మురిసిపోయి ఒక గడ కోసి, వెనక్కి తిరిగాడు.

“ఆగొద్దు సాబ్! వరుస అయ్యేదాంక బయటికి రావొద్దు. కాయిదా!”

“నేనెవరో ఎరుకేనా?”

“ఛాతీ మీద రాసి ఉన్నది గద సాబ్!”

సోఫాలో లింగయ్యకు హుషారొచ్చింది. “మొదలు పట్టి కొయ్యి సారూ! వంగు, ఇంకా వంగు!” జనం చప్పట్లు. ఇక పరువు పోతుందని పెద్దసారు వరుసంతా కోశాడు. ఇంకెవరూ పోటీలో లేరు కాబట్టి మొదటి బహుమతి కూడా ఆయనకే వచ్చింది. నేను వేదిక వెనక దాక్కున్నాను.

చివరికి పెద్దసారు నన్ను పిలిపించాడు.

“నీ పర్మినెంటు కాగితమేది?”

తీసి ముందు పెట్టాను. ఆయన కుడి చెయ్యి చాపాడు. అరచెయ్యంతా బొబ్బలు.

“కలం పట్ట వస్తలేదు. వేలిముద్ర ఏస్తే నడుస్తదా?”

ఆ కాగితం మీద సంతకమూ పడలేదు, వేలిముద్రా పడలేదు.

మా మంజీర నది నీళ్ల మీద ఒట్టు. తెలియని ఇంగ్లీషు మాటను ముందు నా చొక్కాకు గుచ్చుకుని, ఎక్కడికి తీసుకుపోతారో చూసుకోకుండా, ఈ జన్మలో ఇంకొకరి కోటుకు గుచ్చను.