మూతికి గుడ్డ కట్టిన పిల్ల

మా ముత్తాతగారు రెండు ఊళ్లకు మునసబు. ఆయన గుర్రం ఎదురైతే బండ్లు పక్కకు తప్పుకునేవి. మా తాతగారు మాట ఇస్తే అద్దంకి వర్తకులు కాగితం అడిగేవారు కాదు. పత్తి పంట వరసగా దెబ్బతీసి ఆస్తి కరిగాక, 2003లో, ఆ ఇంటిపిల్లనైన నేను గుంటూరులో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థ మెట్లెక్కాను. బొమ్మలు వేసే పని అడగటానికే వెళ్లాను. తల మాత్రం వంచలేదు.

ఎడిటర్ రాజేశ్వరమ్మగారు నా బొమ్మల్ని చకచకా తిప్పేశారు.

"బాగున్నాయమ్మా, గోడకి తగిలించుకోవచ్చు. నాకు మాత్రం ఒకే పిల్ల పుస్తకమంతా అదే పిల్లగా కనపడాలి. ఏడ్చినా, పరిగెత్తినా, వెనక్కి తిరిగినా సరే. వేయగలవా?"

"వేస్తానండి."

మిరపకాయలు ఆరబోసే కల్లంలో తప్పిపోయిన మేకపిల్లను వెతికే చిన్నపిల్ల కథ ఇచ్చారు. నమూనాగా రెండు స్ప్రెడ్‌లు, అంటే ఎదురెదురు పేజీలను కలిపి వేసే బొమ్మలు, తెమ్మన్నారు. అవి నచ్చకపోతే పని హైదరాబాదు చిత్రకారుడికి వెళ్తుంది.

నేను తెచ్చినవి చూసి ఆవిడ కళ్లజోడు తీసేశారు. "ఇదేంటమ్మా, అందరి మూతికీ గుడ్డలేనా? పిల్ల నవ్వు ఎక్కడ చూడాలి?"

"కాయల ఘాటుకి కల్లంలో మూతి కట్టుకోకుండా నిలబడలేరండి. అబద్ధం బొమ్మ నేను వేయను."

"అబ్బో, ఎవరింటి పిల్లవమ్మా, ఇంత బిగువు! సరే, గుడ్డ ఉంచు. ఇందులో మన పిల్ల ఏది? నాకే తెలియట్లేదు, ఐదేళ్లవాడికేం తెలుస్తుంది?"

ఇంకో వారం గడువు అడిగి వచ్చేశాను.

నోరు కనపడదు కనుక ఒంటితోనే మాట్లాడించాను. నిలబడ్డా నడిచినా ఆ పిల్ల పొట్ట ముందుకే. కోపం వస్తే మోచేతులు పొడుచుకొస్తాయి. భయమేస్తే ఒక పాదం రెండో పాదాన్ని తొక్కుతుంది. సంతోషం వస్తే మడమలు నేలకి ఆనవు.

రాజేశ్వరమ్మగారు ఆ బొమ్మలు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని పక్క వీధి బడికి నడిచారు. కథ చెప్పకుండా పిల్లల ముందు మొదటి బొమ్మ పరిచారు.

"మేకపిల్లని వెతికే పిల్ల ఏదిరా?"

"అదిగో, పొట్టది!"

"ఏం చేస్తోంది?"

"అలిగిందండీ."

"ఛీ, కాదురా! దానికి భయమేస్తోంది, కాలు చూడు," అంది ఒక పాప.

రెండో బొమ్మలో మేకపిల్ల దొరికింది. పరిచీపరచగానే, "నవ్వుతోంది!" అని అరిచారు.

"మూతి కట్టేసుందిగా, నవ్వు ఎక్కడే?"

"కనపడుతోందిగా మేడమ్!" అంది అదే పాప విసుగ్గా.

రాజేశ్వరమ్మగారు నా వైపు తిరిగారు. "పద, హైదరాబాదుకి ఫోన్ చేసి వద్దని చెప్పాలి."

అందంగా వేసే చేతులు చాలా ఉంటాయి. పేజీ తిప్పగానే పిల్లలు పోల్చుకుని, మనసులో ఏముందో చెప్పగలిగే మనిషిని వేసే చెయ్యి కోసమే ప్రచురణకర్తలు వెతుకుతారని అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం తర్వాత నాకు పని ఆగలేదు. బొమ్మలు వేసుకునే గదికి వెలుతురు చాలక పెద్ద కిటికీ పెట్టించాను. ఆ గోడకి అడ్డంగా, ఏళ్లుగా ఖాళీగా ఉన్న మా తాతగారి ఇనప్పెట్టె అందుకోసం అమ్మేశాను.